సంస్కృతానికి తొలి మెట్టు: ఇంట్లో ఉన్న మాటలతోనే మొదలు



ఉపకార వేతనాల దరఖాస్తులు తీసుకునే రోజుల్లో ట్రస్టు కార్యాలయానికి వచ్చే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా అబ్బాయి బడిలో సంస్కృతం తీసుకున్నాడండీ. ఇంట్లో ఎవరికీ రాదు. ట్యూషన్ పెట్టించాలా?" అని. బళ్ళారి వాళ్ళు అడిగినా, సోలాపూర్ బంధువులు అడిగినా, బరంపురం నుంచి ఉత్తరం రాసినా ప్రశ్న ఇదే. వారందరికీ విడివిడిగా చెప్పే జవాబును ఈసారి బులెటిన్‌లో ఒకేచోట రాస్తున్నాను.

నేను పండితుణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. బడిలో ద్వితీయ భాషగా సంస్కృతం చదువుకున్నాను. ఇప్పుడు ఆదివారాలు మా వీధి పిల్లలు నాలుగు మాటలు నేర్చుకోవడానికి మా ఇంటికి వస్తుంటారు. కాబట్టి ఇందులో శాస్త్ర చర్చ ఏమీ ఉండదు. కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కడ తడబడతారో చూసి, ఆ చోట్లనే కాస్త వివరంగా రాశాను.

1. లిపి గురించి భయం వద్దు

సంస్కృతానికి పుట్టుకతో వచ్చిన ఒకే ఒక్క లిపి లేదు. మన పెద్దలు తెలుగు దేశంలో తెలుగు లిపిలోనూ, కన్నడ దేశంలో కన్నడ లిపిలోనూ, తమిళ దేశంలో గ్రంథ లిపిలోనూ, ఒడిశాలో ఒడియా లిపిలోనూ తాళపత్రాలపై సంస్కృతం రాసుకున్నారు. ఈనాడు బడి పుస్తకాలు, పరీక్షలు మాత్రం చాలా వరకు దేవనాగరి లిపిలో ఉంటాయి. మహారాష్ట్రలో చదివే పిల్లలకు మరాఠీ ద్వారా ఆ లిపి ముందే వచ్చు. కన్నడ, ఒడియా లిపులు వచ్చినవారికి అక్షరాల క్రమం అదే కనుక నెల రోజుల్లో పట్టుబడుతుంది.

తమిళ మాధ్యమంలో చదివే పిల్లలకు ఒక్క విషయం అదనంగా చెప్పాలి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. సంస్కృతంలో అక్షరం మారితే అర్థమే మారిపోతుంది. 'కథా' అంటే కథ, 'కదా' అంటే ఎప్పుడు. తమిళ అక్షరాల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. హ్రస్వ దీర్ఘాలు కూడా అంతే ముఖ్యం. 'సుతః' అంటే కొడుకు, 'సూతః' అంటే రథసారథి.

మన తెలుగువాళ్ళు పలకడంలో గమనించవలసినవి మూడు. మొదటిది, సంస్కృతంలో హ్రస్వమైన ఎ, ఒ లేవు. ఏ, ఓ ఎప్పుడూ దీర్ఘాలే. రెండవది, ఒత్తక్షరాలను ఒత్తి పలకాలి. ధనమ్‌ను దనమ్ అనకూడదు. 'ఫలమ్' అన్నప్పుడు ప అక్షరాన్నే ఒత్తి పలకాలి, ఇంగ్లీషు కాఫీలోని ధ్వని కాదు. మూడవది, మాట చివరి అకారాన్ని మింగకూడదు. హిందీ అలవాటులో 'రామ్' అన్నట్లు కాకుండా 'రామ' అని పూర్తిగా పలకాలి. ఈ మూడవ దానిలో తెలుగు, కన్నడ పిల్లలకు ఇబ్బందే ఉండదు.

2. మనకు ముందే వచ్చిన మాటలు

సంస్కృతం నుంచి మార్పు లేకుండా, లేదా చివర చిన్న మార్పుతో తెలుగులోకి వచ్చిన మాటలను తత్సమాలు అంటారు. ఆ చివరి మార్పును తిరగేస్తే సంస్కృత పదం బయటపడుతుంది. ఈ సూత్రం ఒక్కటి పట్టుకుంటే మొదటి నెలలోనే వందల మాటలు మీవి అవుతాయి.

'డు' తో ముగిసేవి: రాముడు – రామః, బాలుడు – బాలః, దేవుడు – దేవః, శిష్యుడు – శిష్యః. డు తీసి రెండు చుక్కల విసర్గ పెట్టాలి.

'ఇ', 'వు' తో ముగిసేవి: కవి – కవిః, ముని – మునిః, గురువు – గురుః, సాధువు – సాధుః.

ఆడవారి పేర్లు, స్త్రీలింగ పదాలు: సీత – సీతా, లత – లతా, మాల – మాలా, కథ – కథా, నది – నదీ, జనని – జననీ. తెలుగులో మనం పొట్టి చేసుకున్న అక్షరాన్ని మళ్ళీ దీర్ఘం చేయాలి.

బంధువులు: మాత – మాతా, పిత – పితా, భ్రాత – భ్రాతా.

'ము' లేక సున్నతో ముగిసేవి: ఫలం – ఫలమ్, జలం – జలమ్, పుస్తకం – పుస్తకమ్, పుష్పం – పుష్పమ్, ధనం – ధనమ్, గృహం – గృహమ్.

ఈ చివరి గుంపులోనే ఒక మెలిక ఉంది. తెలుగులో వృక్షం, గ్రామం, సముద్రం కూడా ఇలాగే ముగుస్తాయి. కానీ సంస్కృతంలో అవి పుంలింగాలు: వృక్షః, గ్రామః, సముద్రః. సంస్కృతంలో లింగం మనిషిని, వస్తువును బట్టి కాదు, మాటను బట్టి వస్తుంది. ఇందుకు పిల్లలు నవ్వుకునే ఉదాహరణ ఒకటి చెబుతాను. భార్య అనే అర్థంలో 'భార్యా' స్త్రీలింగం, 'కలత్రమ్' నపుంసక లింగం, 'దారాః' పుంలింగం, అదీ ఎప్పుడూ బహువచనమే! అలాగే 'మిత్రమ్' అని నపుంసక లింగంలో అంటే స్నేహితుడు, 'మిత్రః' అని పుంలింగంలో అంటే సూర్యుడు. అందుకే ప్రతి మాటనూ దాని లింగంతో కలిపే నేర్చుకోండి. 'వృక్ష' అని కాదు, 'వృక్షః' అని నోట్ బుక్‌లో రాయండి.

3. మోసపుచ్చే మాటలు

తెలిసిన మాట కదా అని తెలుగు అర్థమే వేసుకుంటే కొన్నిచోట్ల పొరపాటు వస్తుంది. రాష్ట్రం దాటి స్థిరపడిన మనకు ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే ఒకే సంస్కృత పదం ఇంట్లో ఒక అర్థంతో, వీధిలో మరో అర్థంతో వినిపిస్తుంది.

అవసరం: తెలుగులో కావలసి ఉండటం. కన్నడంలోనూ తమిళంలోనూ తొందర. ఒడియాలో విశ్రాంతి, పదవీ విరమణ. సంస్కృతంలో 'అవసరః' అంటే తగిన సమయం, అవకాశం.

శిక్ష: తెలుగు, కన్నడ, మరాఠీలలో దండన. ఒడియాలో చదువు. సంస్కృతంలో 'శిక్షా' అంటే నేర్చుకోవడం, నేర్పడం. మన పిల్లలు కొందరికి తెలుగు అర్థమే సరైనదిగా తోస్తుందనుకోండి, అది వేరే మాట!

విచారం: తెలుగులో దిగులు. కన్నడంలో సంగతి. మరాఠీలో ఆలోచన. సంస్కృతంలో 'విచారః' అంటే ఆలోచన, పరిశీలన.

ఉపన్యాసం: తెలుగు, కన్నడ, తమిళాలలో ప్రసంగం. ఒడియాలో నవల. సంస్కృతంలో ఒక విషయాన్ని ప్రస్తావించడం.

అనుమానం: తెలుగులో సందేహం. సంస్కృతంలో ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని ఊహించి నిర్ధారించడం. కొండమీద పొగ చూసి అక్కడ నిప్పు ఉందని తెలుసుకోవడం తర్కశాస్త్రంలో 'అనుమానమ్'.

ఆలస్యం: తెలుగులో వేళ మించడం. సంస్కృతంలో 'ఆలస్యమ్' అంటే సోమరితనం. సోమరితనం వల్లనే వేళ మించుతుంది కనుక అర్థం ఎలా జారిందో ఊహించవచ్చు.

ఉద్యోగం: మనకు జీతం వచ్చే కొలువు. మరాఠీలో పరిశ్రమ అనే అర్థం కూడా ఉంది. సంస్కృతంలో 'ఉద్యోగః' అంటే ప్రయత్నం, పూనిక. ఈ లెక్కన రిటైరైన నాకు కూడా ఇంకా ఉద్యోగం ఉన్నట్లే.

4. ఒకటి, రెండు, అనేకం

తెలుగులో ఏకవచనం, బహువచనం రెండే. సంస్కృతంలో ఇద్దరికి, రెండింటికి ప్రత్యేకంగా ద్వివచనం ఉంది.

బాలః (ఒక బాలుడు), బాలౌ (ఇద్దరు), బాలాః (ముగ్గురు, అంతకన్నా ఎక్కువ).
లతా, లతే, లతాః.
ఫలమ్, ఫలే, ఫలాని.

విశేషణం కూడా తన నామవాచకాన్ని అనుసరించి మారుతుంది. తెలుగులో 'మంచి' అనే మాట మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పుస్తకం అన్నింటికీ ఒకటే. సంస్కృతంలో ఉత్తమః బాలః, ఉత్తమా బాలికా, ఉత్తమం పుస్తకమ్ అనాలి.

అంకెలకు పంచాంగం చూడండి. ఏకమ్, ద్వే, త్రీణి, చత్వారి, పంచ, షట్, సప్త, అష్ట, నవ, దశ. పంచమి, షష్ఠి, సప్తమి, అష్టమి, నవమి, దశమి, ఏకాదశి, ద్వాదశి, త్రయోదశి, చతుర్దశి అని తిథులు చెప్పగలిగిన పిల్లవాడికి పద్నాలుగు దాకా అంకెలు సగం వచ్చినట్లే. ఆపైన శతమ్ (100), సహస్రమ్ (1000), లక్షమ్, కోటిః మనం రోజూ అనేవే.

5. క్రియకు తొమ్మిది గడులు

బ్యాంకు లెడ్జరులో గళ్ళు గీసినట్లు మూడు వరుసలు, మూడు నిలువు గళ్ళు గీయండి. వరుసలు పురుషలకు, గళ్ళు వచనాలకు. 'పఠ్' అంటే చదవడం. వర్తమాన కాలంలో దాని రూపాలు ఇవి.

ప్రథమ పురుష: పఠతి, పఠతః, పఠంతి.
మధ్యమ పురుష: పఠసి, పఠథః, పఠథ.
ఉత్తమ పురుష: పఠామి, పఠావః, పఠామః.

ఇంగ్లీషు మాధ్యమం పిల్లలు ఇక్కడ తప్పక తడబడతారు. ఇంగ్లీషు వ్యాకరణంలో మొదటి పురుష అంటే 'నేను'. సంస్కృతంలో, దాన్ని అనుసరించిన తెలుగు వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే అతడు, ఆమె, అది. 'నేను' ఉత్తమ పురుష. పరీక్షలో మార్కులు పోయే చోటు ఇది.

సర్వనామాలు: సః (అతడు), సా (ఆమె), తత్ (అది), త్వమ్ (నువ్వు), యువామ్ (మీరిద్దరు), యూయమ్ (మీరంతా), అహమ్ (నేను), ఆవామ్ (మేమిద్దరం), వయమ్ (మేము). తెలుగులో, తమిళంలో మనం, మేము అనే తేడా ఉంది. సంస్కృతంలో రెండింటికీ వయమ్ ఒక్కటే.

మంచి సంగతి ఏమిటంటే, ఈ క్రియ లింగాన్ని బట్టి మారదు. తెలుగులో బాలుడు చదువుతాడు, బాలిక చదువుతుంది. సంస్కృతంలో బాలః పఠతి, బాలికా పఠతి. హిందీలో ఆడ, మగ తేడా చూసి చూసి విసిగిన పిల్లలకు ఇది ఊరట.

పెద్దలతో మాట్లాడేటప్పుడు 'త్వమ్' అనకుండా మగవారిని 'భవాన్', ఆడవారిని 'భవతీ' అంటారు. వాటితో ప్రథమ పురుష క్రియ వాడాలి. త్వం పఠసి, కానీ భవాన్ పఠతి.

ఈ పట్టికలో పఠ్ బదులు వేరే క్రియ పెట్టండి, చివరలు అవే. కింది క్రియల పక్కన తెలుగులో మనకు తెలిసిన మాట ఇచ్చాను, గుర్తుకు సాయం.

గచ్ఛతి, వెళ్తున్నాడు (గమనం). ఆగచ్ఛతి, వస్తున్నాడు (ఆగమనం). లిఖతి, రాస్తున్నాడు (లిఖితం). పిబతి, తాగుతున్నాడు (పానం). పశ్యతి, చూస్తున్నాడు. క్రీడతి, ఆడుతున్నాడు (క్రీడ). హసతి, నవ్వుతున్నాడు (హాస్యం). పతతి, పడుతున్నాడు (పతనం). నమతి, నమస్కరిస్తున్నాడు. తిష్ఠతి, నిలబడి ఉన్నాడు. యచ్ఛతి, ఇస్తున్నాడు. ఇచ్ఛతి, కోరుతున్నాడు (ఇచ్ఛ). పృచ్ఛతి, అడుగుతున్నాడు (ప్రశ్న). ఖాదతి, తింటున్నాడు. వదతి, చెబుతున్నాడు.

'ఉండు' అనే అర్థంలో: అస్తి, స్తః, సంతి, అసి, స్థః, స్థ, అస్మి, స్వః, స్మః. ఆస్తికుడు, నాస్తికుడు అనే మాటలు ఈ 'అస్తి' నుంచే వచ్చాయి. స్వస్తి అన్నా 'సు' చేరిన అస్తి.

కాలాలకు తొలి దశలో రెండు సులువులు చాలు. వర్తమాన క్రియ పక్కన 'స్మ' చేరిస్తే గతం: పఠతి స్మ అంటే చదివేవాడు, చదివాడు. భవిష్యత్తుకు: పఠిష్యతి, లేఖిష్యతి, గమిష్యతి. 'భవిష్యతి' అంటే కాగలదు, ఆ ధాతువు నుంచే మన భవిష్యత్తు. కోరికకు, దీవెనకు: పఠతు (చదవనీ), భవతు (అగుగాక). పెద్దలు దీవించేటప్పుడు అనే తథాస్తు, 'తథా అస్తు', అంటే అలాగే అగుగాక అని.

6. విభక్తులు: పూజగదిలో దొరికే పాఠం

తెలుగు మాధ్యమంలో చదివిన తల్లిదండ్రులకు "డు ము వు లు ప్రథమా విభక్తి" అని బడిలో వల్లె వేయించింది గుర్తుండే ఉంటుంది. ఆ వరుస, ఆ పేర్లు సంస్కృతం నుంచి వచ్చినవే. కనుక మీకు తెలిసిన పట్టికనే పిల్లలు సంస్కృతంలో చదువుతున్నారు. మీరు పక్కన కూర్చుని సాయం చేయవచ్చు.

ప్రథమా: రామః, రాముడు.
ద్వితీయా: రామమ్, రాముని.
తృతీయా: రామేణ, రాముని చేత, రామునితో.
చతుర్థీ: రామాయ, రాముని కొరకు, రామునికి.
పంచమీ: రామాత్, రాముని వలన, రాముని నుంచి.
షష్ఠీ: రామస్య, రాముని యొక్క.
సప్తమీ: రామే, రాముని యందు.
సంబోధన: హే రామ, ఓ రామా.

'నమః' అనే మాట చతుర్థీ విభక్తిని కోరుతుంది. అందుకే అష్టోత్తరంలో శివాయ, గణేశాయ, సీతాయై, సరస్వత్యై, విష్ణవే, గురవే అని వినిపిస్తుంది. అర్చన జరుగుతున్నంతసేపు మీ పిల్లలు చతుర్థీ విభక్తి పాఠం వింటున్నారన్నమాట. సంకల్పంలో చైత్రమాసే, శుక్లపక్షే అన్నవి సప్తమీ విభక్తి: చైత్రమాసంలో, శుక్లపక్షంలో. 'గోత్రస్య' అన్నప్పుడు షష్ఠీ. పూజలు లేని ఇళ్ళలో పిల్లలకు ఈ ఉదాహరణలు దొరకకపోయినా నష్టం లేదు. భాష అందరిదీ. కింది చిన్న వాక్యాలతో అదే పని జరుగుతుంది.

బాలః ఫలం ఖాదతి. బాలుడు పండు తింటున్నాడు. (ద్వితీయా)
అహం విద్యాలయం గచ్ఛామి. నేను బడికి వెళ్తున్నాను. (వెళ్ళే చోటుకు కూడా ద్వితీయే)
బాలికా హస్తేన లిఖతి. బాలిక చేతితో రాస్తున్నది. (తృతీయా)
సీతా రామేణ సహ గచ్ఛతి. సీత రామునితో కలిసి వెళ్తున్నది. ('సహ' ఉంటే తృతీయా)
మాతా పుత్రాయ క్షీరం యచ్ఛతి. తల్లి కొడుకుకు పాలు ఇస్తున్నది. (చతుర్థీ)
వృక్షాత్ ఫలం పతతి. చెట్టు నుంచి పండు పడుతున్నది. (పంచమీ)
ఏతత్ రామస్య పుస్తకమ్. ఇది రాముని పుస్తకం. (షష్ఠీ)
మీనాః జలే సంతి. చేపలు నీటిలో ఉన్నాయి. (సప్తమీ)

తెలుగు ఆలోచనతో తప్పు చేసే చోటు ఒకటి. 'నాకు ఒక అన్న ఉన్నాడు' అనడానికి తెలుగులో 'కు' వాడతాం గదా అని చతుర్థీ వేయకూడదు. సంస్కృతంలో షష్ఠీ: మమ ఏకః అగ్రజః అస్తి. కానీ 'బాలుడికి పండు ఇష్టం' అన్నప్పుడు మన 'కి' లాగే చతుర్థీ వస్తుంది: బాలాయ ఫలం రోచతే.

7. అడగడం, చెప్పడం

తెలుగులో 'ఇది పుస్తకం' అంటే చాలు, 'ఉంది' అని చేర్చక్కర లేదు. సంస్కృతంలోనూ అంతే.

ఏషః కః? ఇతడెవరు? ఏషః బాలః.
ఏషా కా? ఈమె ఎవరు? ఏషా బాలికా.
ఏతత్ కిమ్? ఇదేమిటి? ఏతత్ పుస్తకమ్.
తవ నామ కిమ్? నీ పేరేమిటి? మమ నామ రవిః.
భవతః నామ కిమ్? తమ పేరేమిటి? (మగవారిని అడిగితే, ఆడవారిని 'భవత్యాః' అనాలి)

మారని మాటలను అవ్యయాలంటారు. అత్ర (ఇక్కడ), తత్ర (అక్కడ), కుత్ర (ఎక్కడ), సర్వత్ర (అంతటా), అద్య (ఈరోజు), శ్వః (రేపు), హ్యః (నిన్న), కదా (ఎప్పుడు), సదా (ఎల్లప్పుడూ), కథమ్ (ఎలా), చ (మరియు), అపి (కూడా), న (లేదు, కాదు). వీటికి లింగం, వచనం, విభక్తి ఏవీ లేవు కనుక ముందుగా ఇవి బట్టీ పడితే లాభం ఎక్కువ. 'అహమ్ అద్య న గచ్ఛామి' అంటే 'నేను ఈరోజు వెళ్ళడం లేదు'.

సంధులను తొలి నెలలో పట్టించుకోవద్దు. ప్రారంభ పుస్తకాలు కూడా మాటలను విడివిడిగానే ఇస్తాయి. తరువాత వచ్చినా భయం లేదు. విద్యా, ఆలయః కలిసి విద్యాలయః. సూర్య, ఉదయః కలిసి సూర్యోదయః. మహా, ఋషిః కలిసి మహర్షిః. తెలుగు పుస్తకాల్లోని సవర్ణదీర్ఘ, గుణ సంధులు ఇవే.

ఇప్పుడు ఈ చిన్న పేరా చదవండి. కింద అర్థం చూడకుండా ప్రయత్నించండి.

ఏషా సీతా. సా ప్రతిదినం విద్యాలయం గచ్ఛతి. తస్యాః గృహస్య సమీపే ఏకః వృక్షః అస్తి. వృక్షే ఖగాః సంతి. సా ఖగేభ్యః ధాన్యం యచ్ఛతి. సాయంకాలే సా మిత్రైః సహ క్రీడతి. రాత్రౌ మాతా కథాం వదతి. సీతా మాతరం నమతి.

అర్థం: ఈమె సీత. ఆమె ప్రతిరోజూ బడికి వెళ్తుంది. ఆమె ఇంటి దగ్గర ఒక చెట్టు ఉంది. చెట్టు మీద పక్షులు ఉన్నాయి. ఆమె పక్షులకు గింజలు వేస్తుంది. సాయంత్రం స్నేహితులతో ఆడుకుంటుంది. రాత్రి తల్లి కథ చెబుతుంది. సీత తల్లికి నమస్కరిస్తుంది.

8. తల్లిదండ్రులకు ఒక మనవి

"సంస్కృతం తీసుకుంటే మార్కులు బాగా వస్తాయట కదా" అని చాలామంది అంటారు. వస్తాయి, నిజమే. పాఠ్యాంశం పరిమితం, ప్రశ్నల తీరు ముందే తెలుస్తుంది. కానీ జవాబులు అర్థం తెలియకుండా కంఠస్థం చేస్తే పరీక్ష అయిన మరునాడే మరచిపోతారు. రెండు మూడేళ్ళ చదువుకు మిగిలేది మార్కుల కాగితం ఒక్కటే. పైన చెప్పిన తొమ్మిది గడులు, ఎనిమిది విభక్తులు అర్థమైతే మార్కులు ఎలాగూ వస్తాయి, భాషా మిగులుతుంది.

ఎంచుకునే ముందు బడిలో ఒక మాట కనుక్కోండి. సంస్కృతం ఏ భాష స్థానంలో వస్తుంది, పదో తరగతి వరకు చెప్పే ఉపాధ్యాయులు ఉన్నారా అని. తొమ్మిదిలో నమోదైన భాషనే సాధారణంగా పదిలోనూ రాయవలసి వస్తుంది. తమిళనాడులో 2006 నాటి చట్టం వల్ల తమిళం తప్పనిసరి పాఠ్యాంశం. కనుక అక్కడ సంస్కృతం దానికి బదులుగా కాక అదనంగా వస్తుంది. సీబీఎస్‌ఈ భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది. మీ బడిలో తెలుగు చెప్పేవారు ఉంటే తెలుగును కాదని సంస్కృతం తీసుకోమని నేను చెప్పను.

నా అసలు బాధ ఇది. యానాంలో పిల్లలకు తెలుగు చుట్టూ ఉంది. మిగతా చోట్ల మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. తాతగారి ఉత్తరం, అమ్మమ్మ రాసుకున్న వంటల పుస్తకం వారికి గీతల్లా కనిపిస్తాయి. ఇంకొక తరం గడిస్తే మాట కూడా నిలవదు. బడిలో తెలుగు దొరకని పిల్లలకు సంస్కృతం నోట్ బుక్కే తెలుగు లిపి నేర్పే సాధనం కావచ్చు. అందుకు పేజీలో నాలుగు గళ్ళు గీయమంటాను. మొదటి గడిలో దేవనాగరిలో మాట, రెండవదానిలో అదే మాట తెలుగు లిపిలో, మూడవదానిలో తెలుగు అర్థం, నాలుగవదానిలో సొంతంగా రాసిన ఒక వాక్యం. రోజుకు పది మాటలు, వారానికి ఆరు రోజులు, ఏడవ రోజు లెక్క సరిచూసినట్లు అరవై మాటలూ ఒప్పజెప్పడం. పన్నెండు వారాల్లో 720 మాటలు అవుతాయి. తెలుగు అక్షరాలు ఈ దారిలోనే చేతికి వస్తాయి. రెండవ గడి మాత్రం తల్లిదండ్రులే దగ్గరుండి చూడాలి. బడిలో దాన్ని దిద్దేవారు ఉండరు.

స్థానిక భాషను చిన్నచూపు చూడవద్దని కూడా పిల్లలకు చెప్పండి. కేంద్ర ప్రభుత్వం ప్రాచీన భాష హోదాను తమిళానికి 2004లో, సంస్కృతానికి 2005లో, తెలుగు, కన్నడాలకు 2008లో, ఒడియాకు 2014లో, మరాఠీకి 2024లో ఇచ్చింది. మనం ఉన్న ప్రతి చోటా ఒక ప్రాచీన భాష మన పిల్లల నాలుక మీద ఉంది. ఒకటి నేర్చుకోవడానికి ఇంకొకటి వదులుకోనక్కర లేదు.

ముందుకు చదవాలనుకునే విద్యార్థులకు దారులు ఉన్నాయి. తిరుపతిలోని రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠం 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. బెంగళూరులో కర్ణాటక సంస్కృత విశ్వవిద్యాలయం, మహారాష్ట్రలో రామటేక్ వద్ద కవికులగురు కాళిదాస సంస్కృత విశ్వవిద్యాలయం, పూరీలో శ్రీ జగన్నాథ సంస్కృత విశ్వవిద్యాలయం, చెన్నై మైలాపూరులో 1906లో స్థాపించిన మద్రాసు సంస్కృత కళాశాల ఉన్నాయి. ఆయుర్వేద వైద్య విద్యలో చేరేవారికి కూడా మొదట్లో సంస్కృతం పాఠ్యాంశంగా ఉంటుంది.

అభ్యాసం

సంస్కృతంలోకి మార్చండి: 1. ఇద్దరు బాలికలు రాస్తున్నారు. 2. నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు? 3. మేము గ్రామానికి వెళ్తున్నాం. 4. గురువుకు నమస్కారం. 5. నేను డబ్బు లెక్కపెడుతున్నాను.

జవాబులు: 1. బాలికే లిఖతః. 2. త్వం కుత్ర గచ్ఛసి? 3. వయం గ్రామం గచ్ఛామః. 4. గురవే నమః. 5. అహం ధనం గణయామి.

అయిదవ వాక్యం నా పాత ఉద్యోగానికి గుర్తుగా చేర్చాను. అయిదూ సరిగా రాసినవారు రేపటి నుంచే నాలుగు గళ్ళ నోట్ బుక్ మొదలుపెట్టండి. మొదటి అరవై మాటలు పూర్తయ్యాక ఒకసారి మీ తాతయ్యకో నానమ్మకో చదివి వినిపించండి.

సర్వేభ్యః శుభం భవతు.